ఆశ్రయమూ, గృహమూ: యుద్ధకాలపు పుదుచ్చేరి

హైదరాబాదు నగరానికి పడమట నున్న దుర్గం పేరు, బంగాళాఖాతపు ఒడ్డున పుదుచ్చేరి పట్టణంలో ఒక వసతిగృహానికి ఉన్నది. శ్రీ అరవిందాశ్రమానికి చెందిన ఆ భవనాన్ని ఫ్రెంచి ఉచ్చారణ ననుసరించి 'గోల్కొండ్' అని పిలుస్తారు. నిజాం రాజ్యంలో మంత్రిగానూ, 1937 నుండి 1941 వరకు ప్రధానిగానూ ఉన్న సర్ అక్బర్ హైదరీ మూలంగా దాని నిర్మాణానికి లక్ష రూపాయల విరాళం చేరినది. ఆ కృతజ్ఞతయే ఇంటి పేరయినది. తెలుగు దేశపు ధనంతో లేచిన ఆ ఇంటి కథ తెలుగులో ఎక్కువగా చెప్పబడలేదు. దానిని రూపొందించిన ముగ్గురు వాస్తుశిల్పులూ తమ తమ పుట్టిన ఊళ్లకు దూరమైనవారు. వారిని పిలిపించి, ప్రతి గది కొలతనూ తానే విచారించి కట్టించిన స్త్రీ, ఆశ్రమవాసులు 'మాత' అని పిలిచిన మిర్రా అల్ఫాసా, మూడు ఖండాలలో కాపురాలు మార్చిన ఒక యూదు కుటుంబపు బిడ్డ.

1933లో హిట్లరు జర్మనీలో అధికారానికి వచ్చిన నాటినుండి 1945లో యుద్ధం ముగియువరకు యూరపులో అరువది లక్షలమంది యూదులు హతులైనారు. తప్పించుకొని బ్రతికినవారు ఎక్కడికి పోయినారు, ఎట్లు కాపురాలు పెట్టినారు, ఎవరిని తమవారని చెప్పుకొన్నారు అన్నవి ఈ శతాబ్దపు కాదు, గత శతాబ్దపు పెద్ద ప్రశ్నలలోనివి. ఆ మహాప్రవాహంలో పుదుచ్చేరి పాలు చిన్నది. ఓడలకొలది శరణార్థులు దిగిన రేవు కాదది. అయినా, తలదాచుకొనే చోటుకూ, ఇల్లు అని పిలువదగిన చోటుకూ మధ్య ఎంత దూరం ఉన్నదో చూడవలెనంటే ఈ చిన్న పట్టణపు చరిత్ర ఉపకరిస్తుంది. పెద్ద రేవులలో సంఖ్యలే కనబడతాయి. ఇక్కడ మనుషులు కనబడతారు.

యూదులకూ గోల్కొండ పేరుకూ సంబంధం ఇరువదవ శతాబ్దంతో మొదలైనది కాదు. 1492లో స్పెయిను రాజదంపతులు తమ రాజ్యంలోని యూదులను వెడలగొట్టినారు. వారిలో కొందరి సంతతి పోర్చుగలు మీదుగా ఆమ్‌స్టర్‌డాముకూ, లండనుకూ చేరి వర్తకులైనది. కృష్ణాతీరపు కొల్లూరు గనుల వజ్రాలు అప్పటికి ప్రపంచ ప్రసిద్ధములు. మధ్యధరా సముద్రపు పగడాలను తెచ్చి, ఇక్కడి వజ్రాలను కొనిపోవుటకు ఈ వర్తకులు చెన్నపట్టణంలో దిగినారు. 1680వ దశకంలో అక్కడ స్థిరపడిన జాక్ దె పైవా, గోల్కొండ గనుల ప్రయాణంలో జబ్బుపడి 1687లో మరణించినాడు. పెద్దనాయకన్‌పేటలో యూదుల శ్మశానం ఏర్పడినది ఆయన పూనికతోనే. మరుసటి సంవత్సరం ఏర్పడిన చెన్నపట్టణపు నగరసభలో ముగ్గురు యూదు వర్తకులకు ఆల్డర్‌మెన్ పదవులు లభించినవి. ఇంత గౌరవం ఉన్నా వారు ఇక్కడ వేరు పాతుకోలేదు. బ్రెజిలులో వజ్రాలు దొరికినమీదట వర్తకం సన్నగిల్లినది, ఇండ్లు ఖాళీ అయినవి. చెన్నపట్టణంలో పగడాల వర్తకుల పేరు మోస్తున్న వీధి ఒకటి మిగిలినది. లాభానికై వచ్చినవాడు లాభం తరిగినప్పుడు పోతాడు. అందులో వింత లేదు.

స్పెయిను నుండి వెడలినవారిలో మరొక శాఖ తూర్పునకు పోయినది. తురుష్క సుల్తాను రెండవ బాయజీదు వారిని తన రాజ్యంలోనికి రానిచ్చినాడు. ఆ విధంగా యూదులు పెద్దసంఖ్యలో చేరిన పట్టణాలలో ఎదిర్నె ఒకటి. యూరపువారు దానిని అడ్రియానోపిలు అనేవారు. మిర్రా తండ్రి మోరీస్ అల్ఫాసా 1843లో అక్కడ పుట్టినాడు. తల్లి మతిల్డ్ ఇస్మలూన్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియా ఆడపడుచు. 1877లో ఆ దంపతులు చంటిబిడ్డ అయిన కుమారునితో ఫ్రాన్సుకు తరలిపోయినారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 21న పారిసులో మిర్రా పుట్టినది. ఇంటిలో మతాచారం లేదు. తల్లి గట్టి హేతువాది. అన్న మత్తెయో పెద్ద చదువులు చదివి ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలలో ఉన్నతాధికారి అయినాడు. ఒక్క తరంలో ఎదిర్నె వీధినుండి ఫ్రెంచి ప్రభుత్వపు కొలువుదాకా వచ్చిన కుటుంబం అది. ఫ్రాన్సు తమను ఎన్నటికీ కాదనదు అనే విశ్వాసం అటువంటి కుటుంబాలన్నిటా ఉండేది.

మిర్రా చిత్రకారుడైన ఆన్రీ మోరిసెను 1897లో పెండ్లాడినది. మరుసటి యేడు ఆంద్రె అనే కొడుకు పుట్టినాడు. ఆ వివాహం నిలువలేదు. రెండవ భర్త పాల్ రిషారుతో ఆమె 1914 మార్చి 29న మొదటిసారి పుదుచ్చేరికి వచ్చినప్పుడు కొడుకు పదునైదేండ్ల బాలుడు, తండ్రివైపువారి పెంపకంలో ఉన్నాడు. యుద్ధం వచ్చి ఆమె మరల ఫ్రాన్సుకు పోవలసివచ్చినది. అక్కడినుండి జపానుకు పోయి, నాలుగేండ్లుండి, 1920 ఏప్రిల్ 24న తిరిగి వచ్చినది. తరువాత 1973లో మరణించేవరకు ఆమె పుదుచ్చేరి విడిచి నివసించలేదు.

ఆమెను నాజీల బారినుండి తప్పించుకొన్న శరణార్థి అనుట సరికాదు. తన ఇష్టంతో, ఒక ఆధ్యాత్మిక లక్ష్యంతో వచ్చినది. కాని ఆమె వెనుక విడిచిన మూడు పట్టణాలకు తరువాత ఏమైనదో చూడవలెను. 1934లో తూర్పు థ్రేసులో యూదుల ఇండ్లపై దాడులు జరిగినవి. ఎదిర్నె యూదులు వేలకొలది ఊరు విడిచి ఇస్తాంబూలుకు పారిపోయినారు. 1942 జూలైలో పారిసు పోలీసులు రెండు దినాలలో దాదాపు పదమూడువేలమంది యూదులను, పసిపిల్లలతో సహా, పట్టుకొన్నారు. యుద్ధకాలంలో ఫ్రాన్సునుండి నాజీ శిబిరాలకు పంపబడిన డెబ్బది అయిదువేలకు పైబడిన యూదులలో తిరిగి వచ్చినవారు కొద్దివేలకు మించలేదు. 1956లో సూయజు యుద్ధం తరువాత అలెగ్జాండ్రియా యూదులు మూటాముల్లె సర్దుకోవలసివచ్చినది. తండ్రి పుట్టిన ఊరు, తల్లి పుట్టిన ఊరు, తాను పుట్టిన ఊరు, మూడింటిలోను యూదులకు నిలువ నీడ లేకపోవుట ఒక్క జీవితకాలంలో జరిగినది.

అయితే పుదుచ్చేరి మాత్రం ఫ్రెంచివారిదే కదా, ఫ్రాన్సులో చేసిన చట్టం ఇక్కడ చెల్లదా అన్న ప్రశ్న వస్తుంది. చెల్లవలసినదే. 1940 జూన్ 22న ఫ్రాన్సు జర్మనీకి లొంగి సంధి వ్రాసుకొన్నది. విషీ నగరంలో ఏర్పడిన మార్షల్ పెతాఁ ప్రభుత్వం అక్టోబరు 3న యూదుల శాసనాన్ని చేసి, ప్రభుత్వోద్యోగాలనుండి, బోధననుండి, పత్రికలనుండి వారిని తొలగించినది. ఆ శాసనం వలసలకు కూడా ఉద్దేశించినదే. అడ్మిరల్ దెకూ పాలనలో ఉన్న ఇండోచైనాలో దానిని అమలు చేసినారు. సైగానులో అప్పుడు పుదుచ్చేరి, కారైకాలు వాసులు ఎందరో ప్రభుత్వపు కొలువులో ఉండేవారు. ఒకే జెండా కింద తమ కొలువు ఊరిలో ఒక చట్టం, తమ సొంత ఊరిలో మరొక చట్టం నడుచుట వారు చూసినారు. ఎందుచేతనంటే పుదుచ్చేరి గవర్నరు లూయీ బోన్వాఁ ఆ శాసనం వెలువడుటకు కొద్ది వారాల ముందే, 1940 సెప్టెంబరులో, జనరల్ ద గోల్ పక్షాన చేరినాడు. పుదుచ్చేరితో పాటు కారైకాలు, మాహే, చందర్‌నగరం, గోదావరీతీరపు మన యానాం కూడా స్వేచ్ఛా ఫ్రాన్సులో భాగాలైనవి.

ఈ నిర్ణయాన్ని కేవలం వీరగాథగా చెప్పుట అతిశయోక్తి. పుదుచ్చేరి చుట్టూ బ్రిటిషు భూమియే. మిల్లులకు పత్తి రావలెనన్నా, బట్ట అమ్ముడుపోవలెనన్నా, ఊరికి బియ్యం రావలెనన్నా ఆంగ్లేయుల అనుమతి కావలెను. బోన్వాఁ ఎదుట ఉన్న దారులు ఎక్కువ కావు. కాని దారి ఇరుకైనదనే కారణంచేత దాని ఫలితం తక్కువది కాదు. అదే కాలంలో మడగాస్కరు గవర్నరు విషీ పక్షాన నిలిచి, యూదులు చేతివ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మాత్రమే ఉన్న ఆ ద్వీపంలో సైతం వారిని వెదకి లెక్క వ్రాయించినాడు. చట్టం ఉన్నచోట దానికి తగిన మనుషులను వెదకి పట్టుకొనే గుమాస్తాలు తప్పక ఉంటారు. ఒక గవర్నరు చేసిన సంతకం వలన పుదుచ్చేరిలో ఆ గుమాస్తాకు పని లేకపోయినది. ఆ శరత్కాలంలో అరవిందుడూ, మాతా కూడ మిత్రపక్షాన్ని బాహాటంగా సమర్థించి యుద్ధనిధికి విరాళం పంపినారు. ఆంగ్లేయులపై పోరాడిన పాత విప్లవకారుడు ఇట్లు చేయుట దేశంలోనే కాక ఆశ్రమంలో కూడా అనేకులకు రుచించలేదు.

పొలిమేర దాటి బ్రిటిషు ఇండియాలో పరిస్థితి వేరు. జర్మనీ, ఆస్ట్రియాల నుండి వెయ్యికి పైబడిన యూదులు ఈ దేశానికి రాగలిగినారు. రావలెనంటే ఇక్కడ ఉద్యోగమో, పోషణకు పూచీపడే మనిషియో ఉండవలెను. 1934లో బొంబాయిలో యూదులు స్థాపించుకొన్న సహాయసంఘం అటువంటి పూచీలను తన నెత్తిన వేసుకొన్నది. వైద్యులుగా వచ్చినవారి పట్టాలు చెల్లునా చెల్లవా అని వివాదాలు నడిచినవి. ఇక్కడి డాక్టర్లలో పోటీకి జంకినవారు ఉన్నారు, చేయిచ్చి నిలిపినవారూ ఉన్నారు. ఇంతలో 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటింపగానే జర్మనులందరినీ శత్రుదేశీయులని నిర్బంధించినారు. హిట్లరుకు భయపడి వచ్చినవాడూ, హిట్లరు భక్తుడూ ఒకే కంచె వెనుక నిలువవలసివచ్చినది. విచారణ సంఘం ఒకటి కూర్చుండి, యూదులను వేరుచేసి చాలమందిని వదలిపెట్టినది.

ఈ కథలో హైదరాబాదుకూ ఒక పుట ఉన్నది. 1900లో ల్వోవ్ నగరంలో రబ్బీల వంశంలో పుట్టిన లియొపోల్డ్ వైస్ 1926లో ఇస్లాం స్వీకరించి మహమ్మద్ అసద్ అయినాడు. 1930వ దశకపు చివర హైదరాబాదునుండి వెలువడిన 'ఇస్లామిక్ కల్చర్' పత్రికకు ఆయన సంపాదకుడు. యుద్ధం రాగానే ఆయనను, కుటుంబాన్ని శత్రుదేశీయులుగా పట్టి, ఆయనను 1945 వరకు నిర్బంధంలో ఉంచినారు. ఆయన ఇక్కడ జర్మను అని కంచె వెనుక ఉన్న ఆ సంవత్సరాలలోనే అక్కడ తండ్రీ, సోదరీ యూదులని చంపబడినారు. మనిషి తన పేరు మార్చుకొనవచ్చును, మతం మార్చుకొనవచ్చును. రెండు ప్రభుత్వాల దస్తరాలలో అతడెవడో వ్రాసేది అతడు కాదు.

భారతదేశంలో నిలిచిన శరణార్థులు ఈ దేశానికి చేసిన మేలు చిన్నది కాదు. ఆకాశవాణి ప్రసారారంభంలో తరతరాలు విన్న ఆ తంత్రీనాదం ప్రాగ్ నుండి బొంబాయికి వచ్చిన వాల్టర్ కౌఫ్మన్ కూర్చినది. బెర్లినునుండి వచ్చి మైసూరు సంస్థానంలో వాస్తుశిల్పి అయిన ఆటో కోనిగ్స్‌బెర్గర్ 1948లో భువనేశ్వర్ నగరానికి ప్రణాళిక గీసినాడు. కాని కౌఫ్మన్ 1946లో వెళ్లిపోయినాడు. కోనిగ్స్‌బెర్గర్ 1950వ దశకపు ఆరంభంలో లండను చేరినాడు. తక్కినవారిలోను పెక్కుమంది బ్రిటనుకో, అమెరికాకో, ఇజ్రాయెలుకో, ఆస్ట్రేలియాకో పోయినారు. ఇతరులకు నగరం గీసి ఇచ్చినవాడు తనకిక్కడ ఇల్లు కట్టుకోకపోవుటకు ఈ దేశం చేసిన అపరాధం ఏదీ లేదు. చెదిరిన బంధువులలో బ్రతికిన ఏ ఒక్కరో వేరొక ఖండంలో ఉంటారు. పిల్లల పెండ్లిండ్లకు తమవారి సమూహం కావలెను. చేసే వృత్తికి స్థిరమైన నెలవు కావలెను. ఆశ్రయం ఇచ్చినంత సులభంగా ఇవి ఇవ్వబడేవి కావు.

పుదుచ్చేరిలో గృహం అన్నమాటకు అర్థం మారినది యుద్ధపు నడుమ. అంతవరకు ఆశ్రమం కుటుంబాలకు ఏర్పడినది కాదు. అక్కడ చేరినవారు భార్యాపుత్ర బంధాలను వెనుక ఉంచి రావలెననేది నియమం. పిల్లలను చేర్చుకొనుట అరుదు. 1941 డిసెంబరులో రంగూనుమీద బాంబులు పడినవి. బర్మాలోని తెలుగు కూలీలు, మేస్త్రీలు, వర్తకులు అరకాను కొండల దారిని కాలినడకన బయలుదేరినారు. ఎందరో దారిలోనే కన్నుమూసినారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసినవి. కోరమండల తీరమంతా కదలిపోయినది. చెన్నపట్టణంలో ఇండ్లకు తాళాలు వేసి జనం లోపలి ఊళ్లకు పోయినారు. అదే సంవత్సరం డిసెంబరులో కలకత్తా వంతు వచ్చినది. బెంగాలునుండీ, ఇతర ప్రాంతాలనుండీ ఆశ్రమవాసుల అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు పిల్లాపాపలతో పుదుచ్చేరి చేరినారు. సముద్రతీరానే ఉన్న ఈ ఊరు మిగిలిన తీరంకన్న క్షేమమని తర్కం చెప్పదు. తమవారు ఉన్నచోటే క్షేమమనుకొనుట మానవస్వభావం.

వచ్చినవారిని పొమ్మనలేదు. పెద్దలకు ఏదో ఒక పని అప్పగించవచ్చు, ధ్యానానికి కూర్చుండబెట్టవచ్చు. పిల్లలను ఏమి చేయవలెను? వీధులలో, మేడమెట్ల మీద, వంటశాల పంచలో వారు ఆడుకొంటూ ఉంటే నియమాలకు ఊపిరి సలపలేదు. 1943 డిసెంబరు 2న ఇరువదిమంది పిల్లలతో ఒక బడి తెరిచినారు. మాత తానే పాఠాలు చెప్పినది. అప్పటికి ఆమెకు అరువదియైదేండ్లు. తన ఒక్క కొడుకును పదునైదేండ్ల వయసులో పారిసులో విడిచి వచ్చిన స్త్రీ, ముప్పది సంవత్సరాల తరువాత ఇతరుల పిల్లలకు ఫ్రెంచి అక్షరాలు దిద్దించినది. బడికి ఆటస్థలం వచ్చినది, వ్యాయామం వచ్చినది, వసతులు వచ్చినవి. 1952 జనవరి 6న అది అంతర్జాతీయ విశ్వవిద్యాకేంద్రమయినది. ఆశ్రమ చరిత్ర వ్రాసేవారు ఈ పరిణామాన్ని సిద్ధాంతపు వికాసంగా వివరిస్తారు. అందులో నిజం ఉండవచ్చును. అయితే, శరణు జొచ్చినవారిలో ఏ వాదమూ చేయనివారు, చేయనక్కరలేనివారు పిల్లలే. నియమాన్ని మార్చినది వారి ఉనికి.

గోల్కొండ్ నిర్మాణం సాగినది కూడా ఈ సంవత్సరాలలోనే. ఆశ్రమవాసి పవిత్ర అనే ఫ్రెంచి ఇంజనీరుకు టోకియోలో రేమండుతో పరిచయం. ఆ పరిచయం వలన 1930వ దశకపు నడుమ నమూనా సిద్ధమయినది. కిటికీలకు అద్దాలు లేవు. ఉత్తర దక్షిణ ముఖాలలో నిలువెల్లా తెరచి మూయదగిన అడ్డుపలకలు. గదులకు జరిగే టేకు తలుపులు. గాలి ఇంటినిండా ఆడుతుంది, ఎండ మాత్రం లోనికి రాదు. చండీగఢ్ పునాదులకు పది సంవత్సరాలకు పైగా ముందే ఇక్కడ కాంక్రీటుతో ఇట్టి ఇల్లు లేచినది. కూలిపనిలో పెద్దపాలు ఆశ్రమవాసులదే. జపానులో సైనికనియంతృత్వం ముదురుతుండగా రేమండు 1938లో అమెరికాకు మరలినాడు. స్థలం మీద నిలిచి పని నడిపినవారు సామ్మెర్, నకషిమా.

ఫ్రాంటిషెక్ సామ్మెర్ చెకొస్లొవేకియాలోని ప్ల్‌జెన్ వాడు. పారిసులో ల కొర్బూజియే వద్ద, ఆ పిమ్మట మాస్కోలో, టోకియోలో పనిచేసి పుదుచ్చేరికి వచ్చినాడు. ఇక్కడ ఉండగానే 1939 మార్చిలో జర్మను సేనలు ప్రాగ్ ప్రవేశించినవి. ఆయన దేశం పటంలో లేకుండా పోయినది. తరువాత ఆయన బ్రిటిషు సైన్యంలో చేరి బర్మా రంగంలో పనిచేసి, యుద్ధానంతరం స్వదేశానికి తిరిగి వెళ్లినాడు. జార్జి నకషిమా కథ మరింత విచిత్రమైనది. 1905లో అమెరికాలోని స్పొకేనులో పుట్టిన అతనికి అరవిందుడు సుందరానందుడని పేరు పెట్టినాడు. పుదుచ్చేరిలో జీతం పుచ్చుకొనక, ఆశ్రమవాసిగా బ్రతికి, 1939లో బయలుదేరినాడు. 1941లో పెండ్లి, 1942లో ఆడపిల్ల. ఆ బిడ్డ ఒడిలో ఉండగానే అమెరికా ప్రభుత్వం పశ్చిమతీరపు జపాను సంతతివారిని, లక్షా ఇరువదివేలమందిని, శిబిరాలకు తరలించినది. నకషిమా కుటుంబం ఐడహో ఎడారిలోని మినిడోకాకు చేరినది. ఆ కంచె వెనుకనే ఒక జపాను వడ్రంగి వద్ద అతడు కొయ్యపని నేర్చుకొన్నాడు. 1943లో రేమండు పూచీ పడి వారిని పెన్సిల్వేనియాలోని తన పొలానికి పిలిపించుకొన్నాడు. తరువాతి కాలంలో లోకప్రసిద్ధమైన నకషిమా కొయ్యసామాను పుట్టినది అక్కడనే.

ఇక్కడా అదే మాట: ఎవరో ఒకరు పూచీ పడవలెను. పుదుచ్చేరిలో ఒకనాడు ఒకే ఇంటికి సున్నం తూకం చూసిన ఇద్దరిలో ఒకడు మరొకనికి పూచీ పడినాడు కనుక ఆ కుటుంబం ఒక చూరు కిందికి వచ్చినది.

1945 వసంతంలో యూరపులో శిబిరాల తలుపులు తెరుచుకొన్నవి. బ్రతికినవారు అనేకులు తమ ఊళ్లకు పోయి చూసి, ఇంటిలో పరాయివారు కాపురముండుట కని వెనుకకు వచ్చినారు. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీలలోని నిర్వాసిత శిబిరాలలో రెండులక్షల యాభైవేల వరకు యూదులు గుమిగూడినారు. చంపబడుటకు చేర్చిన నేలమీదనే పెండ్లిండ్లు మొదలైనవి. వారం దినాల పరిచయంతో పెండ్లాడినవారున్నారు. మొదటి భార్యనూ పిల్లలనూ పోగొట్టుకొన్న పురుషుడు, భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ఒకరినొకరు అడిగిన ప్రశ్నలు తక్కువ. బెర్గెన్-బెల్సెన్‌లో పారాచ్యూటు గుడ్డతో కుట్టిన ఒక పెండ్లి దుస్తును ఒకరి తరువాత ఒకరుగా ఎందరో వధువులు ధరించినారు. 1946, 47లలో ఆ శిబిరాలలోని యూదుల జననాల రేటు ప్రపంచంలోనే అత్యధికమైన వాటిలోనిది. పుట్టిన బిడ్డలకు తాతల పేర్లు, అమ్మమ్మల పేర్లు పెట్టినారు. పిండప్రదానానికి అస్థికలు కూడా మిగలని చోట పేరే స్మారకం.

అందులో ఒక చిక్కు ఉన్నది; అది హిందూ గృహాలలో విధవలను ఎరిగిన పాఠకునికి వెంటనే తెలియును. యూదు ధర్మశాస్త్రం ప్రకారం భర్త మరణానికి సాక్ష్యం లేనిదే స్త్రీ మరల వివాహమాడరాదు. వాయుగృహంలో చనిపోయినవానికి మరణపత్రం ఎవరిస్తారు? సాక్షులు కూడా చనిపోయినారు. రబ్బీలు శిబిరాలలో కూర్చుండి, ఏ బండిలో ఎక్కినాడు, ఏ దినాన ఏ వరుసలో నిలిపినారు, ఎవరు చివరిసారి చూసినారు అని వాంగ్మూలాలు వ్రాసికొని, ఒక్కొక్క స్త్రీకి అనుమతి ఇచ్చినారు. ఆ కాగితం మీద ఆమె వైధవ్యం రూఢి అయిన క్షణాననే ఆమె కొత్త సంసారానికి అర్హత పొందినది. శాస్త్రాన్ని విడువకుండా మనిషిని బ్రతికించుటకు ఆ పండితులు చేసిన కృషికి చరిత్రలో రావలసినంత పేరు రాలేదు.

దేశాల తలుపులు నెమ్మదిగా తెరుచుకొన్నవి. 1948లో ఇజ్రాయెలు ఏర్పడినది; అమెరికా అదే సంవత్సరం నిర్వాసితుల చట్టం చేసి, 1950లో దానిని సడలించినది. శిబిరవాసులలో పెద్దభాగం మొదటి దేశానికి, తక్కినవారిలో ఎక్కువమంది రెండవ దేశానికి పోయినారు. క్షయరోగులు, వృద్ధులు, ఏ దేశమూ కోరనివారు మిగిలినారు. వారిని మోసిన చివరి శిబిరం, బవేరియాలోని ఫోరెన్‌వాల్డ్, 1957 ఫిబ్రవరిలో గాని మూతపడలేదు.

శిబిరపు చావును చూసి పుదుచ్చేరికి వచ్చిన ఒక మనిషి ఉన్నాడు. ఆయన యూదుడు కాడు. 1923లో పారిసులో పుట్టి బ్రిటనీ సముద్రతీరాన పెరిగిన బెర్నార్ ఆంజింజే, జర్మనులను ఎదిరించిన రహస్యోద్యమంలో పనిచేసి, ఇరువదేండ్ల వయసులో గెస్టపోకు చిక్కినాడు. బూకెన్‌వాల్డ్, మౌటౌసెన్ శిబిరాలలో ఏడాదిన్నర గడిపినాడు. జాతిపేరుతో ఇంటిల్లిపాదినీ చంపబడిన యూదుని స్థితికీ, తాను చేసిన పనికి శిక్ష పొందినవాని స్థితికీ భేదం ఉన్నది, దానిని మరువరాదు. ఇతనికి తిరిగి పోవుటకు ఇల్లు మిగిలినది. కాని ఆ ఇంటిలో అతడు నిలువలేకపోయినాడు. 1946లో పుదుచ్చేరి ఫ్రెంచి పరిపాలనలో ఉద్యోగం పుచ్చుకొని వచ్చినాడు. ఆ సంవత్సరం ఏప్రిల్ దర్శనంలో అరవిందునీ, మాతనూ చూసినాడు. చూసి అక్కడ ఉండిపోలేదు. ఉద్యోగం వదలి దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా అడవులకు, బ్రెజిలుకు, ఆఫ్రికాకు తిరిగినాడు. శిబిరాలలోని యూదులు పెండ్లితో, బిడ్డతో మృత్యువుకు బదులు చెప్పినారు; ఇతడు ఏ ఊరిలోను నిలువకుండా తిరుగుటతో చెప్పినాడు. రెండూ బ్రతికినవారి లక్షణాలే. 1953లో, ముప్పదేండ్ల వయసులో, అతడు పుదుచ్చేరికి మరలివచ్చినాడు.

ఆ నడుమ, 1949 నవంబరులో, ఆంద్రె మోరిసె తల్లిని చూచుటకు పుదుచ్చేరికి వచ్చినాడు. విడిపోయినప్పటి బాలునికి ఇప్పుడు ఏబదియొక్క యేండ్లు. మొదటి యుద్ధంలో తాను పోరాడినాడు, రెండవ యుద్ధాన్ని ఫ్రాన్సులో గడిపినాడు, బిడ్డల తండ్రి అయినాడు. మూడుపదుల సంవత్సరాలకు పైబడిన ఎడబాటు తరువాత తల్లీకొడుకులు కలిసినప్పుడు ఆ తల్లి ఊరందరికీ మాత. ఆయన అటుపిమ్మట పలుమారులు వచ్చి ఆశ్రమపు పనులలో పాలుపంచుకొన్నాడు. రక్తబంధం లేని ఇల్లు ఒకటి కట్టినమీదట ఆమెకు రక్తబంధం తిరిగి దొరికినది.

1957 మార్చిలో, ఫోరెన్‌వాల్డ్ మూతపడిన కొద్ది దినాలకు, మాత ఆంజింజేకు సత్‌ప్రేమ్ అని పేరు పెట్టినది. గయానా అనుభవాలతో ఆయన వ్రాసిన నవల 1960లో ఫ్రాన్సులో అచ్చయినది. అరవిందునిపై వ్రాసిన గ్రంథం 1964లో వచ్చి అనేక భాషలకు పోయినది. ఆయన పనిలో తోడు నిలిచినది సుజాతా నాహర్. బాల్యం శాంతినికేతనంలో గడిపి 1938లో ఆశ్రమం చేరిన బెంగాలు బాలిక ఆమె. మాత సంభాషణలను ఆయన నాదముద్రణ చేసి, ఇద్దరూ కలిసి గ్రంథరూపానికి తెచ్చినారు, పదమూడు సంపుటాలయినవి. ఆ ప్రచురణ విషయంలో ఆశ్రమ నిర్వాహకులతో భేదాభిప్రాయాలు కలిగి 1978లో వారు పుదుచ్చేరి విడిచినారు. మరల మూట కట్టవలసివచ్చినది, మరల ఒక చూరు వెదకవలసివచ్చినది. నీలగిరి కొండలలో ఇల్లు దొరికినది. 2007 ఏప్రిల్ 9న సత్‌ప్రేమ్, మే 4న సుజాత మరణించినారు.